పెద్ద చెరువుకు ఇద్దరు సాక్షులు

కొల్లిమర్ల మునిసిపల్ పార్కులోకి వెళ్లాలంటే నాలుగు మెట్లు దిగాలి. పార్కులోకి దిగడమేమిటని ఇరవై ఆరేళ్లపాటు ఎవరూ అడగలేదు. 1984 జనవరిలో జక్రయ్య మాస్టారు అడిగారు. ఆయనకు జవాబు దొరికింది. ఆ జవాబు వల్ల లస్కరు రెబ్కా ఉద్యోగం పోయింది.

కొల్లిమర్ల అద్దంకికీ ఒంగోలుకూ మధ్య ఉంది. పత్తి, మిరప, పొగాకు పండుతాయి. మునిసిపాలిటీ అయి ఆ ఏడాది ఏప్రిల్ 7కు పాతికేళ్లు. రజతోత్సవం చేయాలని, ఆ సందర్భంగా ఊరి చెరువులు, పార్కుల చరిత్ర పుస్తకంగా వేయాలని కౌన్సిలు తీర్మానించింది. ఊళ్లో చెరువులు రెండు, పార్కు ఒకటి. చిన చెరువు నీళ్లు ఊరు తాగుతుంది. పెద్ద చెరువు రికార్డుల్లో ఉంటుంది. అది ఉండాల్సిన చోట పార్కు ఉంటుంది.

పుస్తకం రాసే పని జక్రయ్య మాస్టారికి అప్పగించారు. ఆయన మిషన్ హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. చర్చి కమిటీకి పద్దెనిమిదేళ్లు కార్యదర్శిగా చేశారు. ఆ కమిటీలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీద ఏ మాట వచ్చినా ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఫలానా మనిషి తాగి ప్రార్థనకొచ్చాడని ఒక్కడే చెబితే ఆ మనిషి తాగనట్టే లెక్క. మాస్టారు చరిత్ర కూడా ఆ పద్ధతిలోనే రాశారు.

పార్కులో ఫౌంటెను 1961లో కట్టారని ఇద్దరు చెప్పారు. అది పనిచేసిందని ఒక్కడే చెప్పాడు. అందుకని పుస్తకంలో ఫౌంటెను కట్టినట్టు ఉంది, పనిచేసినట్టు లేదు. పార్కులో ఒకప్పుడు జింక ఉండేదని పదకొండు మంది చెప్పారు. అది జింక కాదు, మేక అని ఇద్దరు చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకడు మేక సొంతదారు. మాస్టారు మేక అని రాశారు. పదకొండు మందీ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పెద్ద చెరువు సంగతి దగ్గర పని ఆగింది.

చెరువును 1957లో పూడ్చారని సుబ్బరావమ్మ చెప్పింది. ఆమెకు డెబ్భై ఏళ్లు. పార్కు వెనక గేదెల పాక ఉంది.

"పూడ్చారయ్యా. మా గేదె ఇంకా లోపలుండగానే బండ్లతో మట్టి పొయ్యటం మొదలెట్టారు. అరిచి గీపెట్టి బయటికి తోలుకున్నా."

"పూర్తిగా పూడ్చారా అమ్మా?"

"పూర్తిగా ఎక్కడ? పత్తి తీతలొచ్చినయ్యి. బండ్లోళ్లు వెళ్లి మళ్లీ వస్తామన్నారు. ఇంకా రాలా."

మెట్ల సంగతి అక్కడ తేలింది. మట్టి మూడడుగులు తక్కువైంది. పంచాయతీ వాళ్లు కొంతకాలం చూసి, పల్లంలోనే గడ్డి వేసి, సిమెంటు బెంచీలు పెట్టి, నాలుగు మెట్లు కట్టి పార్కు అన్నారు.

సుబ్బరావమ్మ వేలిముద్ర వేసింది. రెండో సాక్షి దొరకలేదు. నలభై దాటినవాళ్లందరికీ చెరువు పూడ్చిన సంగతి తెలుసు. సంతకం దగ్గరకు వచ్చేసరికి అందరికీ పని గుర్తొచ్చేది. కారణం ఉంది. పూర్వం ఒక గట్టు తగాదాలో సాక్షి సంతకం పెట్టిన ఆరుగురు తొమ్మిదేళ్లపాటు ఒంగోలు కోర్టుకు తిరిగారు. వాళ్లలో ఒకడు విసిగి, కోర్టు ఎదురుగా హోటలు పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. అప్పటినుంచి కొల్లిమర్లలో కళ్లతో చూసినవాళ్లు ఉంటారు గాని సాక్షులు ఉండరు.

మాస్టారు చివరికి రెబ్కా దగ్గరికి వెళ్లారు.

రెబ్కా పెద్ద చెరువు లస్కరు. లస్కరు పని తూము తలుపులు తెరవడం, మూయడం. అంతకుముందు ఆ పని ఆమె భర్త జయరావుది. చెరువు పూడ్చినా పోస్టు తీసేయమని ఎవరూ రాయలేదు గనక జయరావు ఉండిపోయాడు. పద్నాలుగేళ్లు చెట్లకు నీళ్లు పోశాడు. 1971లో సాగర్ కాలువ నుంచి ఒక పిల్లకాలువ కొల్లిమర్ల దాకా వచ్చింది. దాని చివర రెండు తలుపులు పెట్టారు. ఒకటి చిన చెరువుకు, ఒకటి పెద్ద చెరువుకు. ఏటా ఏప్రిల్లో పది రోజులు తాగునీళ్లు వదులుతారు. రెండు తలుపులూ తెరిచి రెండు చెరువులూ నింపవలెను అని లస్కరుకు కాగితం వస్తుంది.

మొదటి ఏడాది జయరావు పెద్ద చెరువు తలుపు తెరవలేదు. 'చెరువులో పార్కు ఉన్నందున నింపలేదు' అని రిజిస్టరులో రాశాడు. ఆజ్ఞ ఎందుకు పాటించలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని పైనుంచి వచ్చింది. రెండో ఏడాది కూడా అతను తలుపు తెరవలేదు. 'రెండు తలుపులూ తెరవడమైనది. రెండు చెరువులూ నిండినవి' అని రాశాడు. సంజాయిషీ అడగలేదు. 1976లో అతను పోయాక ఉద్యోగం రెబ్కాకు ఇచ్చారు. ఆమె కూడా ఏటా పది రోజులు ఆ తలుపు దగ్గర కూర్చుని, కారే చోటల్లా గోనెపట్టాలు కుక్కి, బంకమట్టి మెత్తి, పార్కులోకి చుక్క రాకుండా చూసేది. పదో రోజు చెరువు నిండిందని రాసేది.

మాస్టారు వెళ్లినప్పుడు ఆమె పార్కులో ఎండుటాకులు ఊడుస్తోంది.

"రెబ్కమ్మా, ఒక్క మాట. పెద్ద చెరువు ఉందా, లేదా?"

"మీరు దాంట్లోనే నిలబడ్డారు గదండీ."

"నేను పార్కులో నిలబడ్డాను."

"అదేనండీ నేననేది."

"పూడ్చేశారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. లస్కరువి నువ్వే చెబితే రెండో సాక్షి దొరికినట్టు. ఇక్కడ సంతకం పెట్టు."

రెబ్కా చీపురు బెంచీకి ఆనించింది.

"చెరువు లేదని చెరువు లస్కరే సంతకం పెడితే, మరి లస్కరెందుకని అడగరా? మా అమ్మాయి సంతోషి ఒంగోల్లో టీచరు ట్రైనింగులో ఉంది. ఇంకో ఏడాదుంది. మీరే గదా సీటు ఫారం నింపి పంపింది?"

"అబద్ధం రాయమంటావా?"

"రాయమన్లేదండి. రాయొద్దంటన్నా. ఫౌంటెను నీళ్లు చిమ్మిందని రాయలేదుగా?"

"దానికి సాక్షి ఒక్కడే."

"దీనికీ ఒక్కతే."

 మాస్టారికి ఆ వాదంలో తప్పు దొరకలేదు. ఇంటికి వెళ్లి పెద్ద చెరువు పేరా కొట్టేశారు. ఆ రోజు ఆయన మామూలు కంటే ఎక్కువ అన్నం తిన్నారని ఆయన భార్య జయకుమారి తర్వాత చెప్పింది. దీనికి మరో సాక్షి లేరు.

ఛైర్మన్ ఆదెయ్య రాతప్రతి తెప్పించుకుని చదివాడు. ఆదెయ్యకు మిరప కల్లాలున్నాయి, పత్తి జిన్నింగు మిల్లుంది. పార్కు గేటు మీద తన తండ్రి పేరుతో ఆర్చి కట్టాలన్నది నాలుగేళ్లుగా ఆయన కోరిక. స్థలం చెరువు పోరంబోకు కింద ఉంది గనక ఆర్చి కట్టకూడదని రెవెన్యూ వాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు. చెరువు లేదని అచ్చులో ఒక పుస్తకం ఉంటే నాలుగోసారి పంపొచ్చని ఆయన లెక్క. అసలు పుస్తకం వేద్దామన్నది కూడా ఆయనే.

"మాస్టారూ, పెద్ద చెరువు పూడ్చిన సంగతేది?"

"సాక్షి ఒక్కరేనండి. రెండోవాళ్లు లేరు."

"నేను లేనా? పూడ్చిన బండ్లలో మావి నాలుగు. రాసుకో."

"సంతకం పెట్టాలండి. ఒంగోలు కోర్టుకు..."

"ఢిల్లీ కోర్టుకైనా వస్తా. కలం ఇటు తే."

ఆదెయ్య సంతకం పెట్టాడు. మాస్టారి దగ్గర ఇద్దరు సాక్షులున్నారు. ఇద్దరు చెప్పిన మాటను వదిలేయడం ఆయన పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ చేయలేదు. పదహారో పేజీ నాలుగో పంక్తిలో ఇలా అచ్చయింది: 'పెద్ద చెరువు 1957లో పూడ్చబడింది. నేడు ఆ చెరువు లేదు.'

ఐదు వందల కాపీలు వచ్చాయి. మార్చి 28న కౌన్సిలు కూర్చుంది. ఆర్చికి మళ్లీ రాయాలన్నది మొదటి అంశం. ఆఫీసు మేనేజరు బాపయ్య పుస్తకం తెరిచి పదహారో పేజీ చదివి లేచాడు.

"అధ్యక్షా, చెరువు లేనప్పుడు చెరువు లస్కరు పోస్టు ఉంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరండి."

ఆదెయ్యకు ఈ సంగతి తట్టలేదు. ఆలోచించినా వేరే దారి కనపడలేదు. చెరువు ఉంటే ఆర్చి లేదు. చెరువు లేకుంటే లస్కరు లేదు. ఏప్రిల్ 7 నుంచి పోస్టు రద్దు చేస్తూ, 6న చార్జి అప్పగించమని తీర్మానించారు.

మాస్టారు ఆ సాయంత్రమే రెబ్కా ఇంటికి వెళ్లారు. ఆమె పీట వేసింది. ఆయన కూర్చోలేదు.

"నావల్లే జరిగిందమ్మా."

"మీరు రాసింది నిజమే గదండీ."

"నిజమే. అదే బాధ. అర్జీ రాస్తాను. పాస్టరు గారితో కూడా సంతకం పెట్టిస్తాను."

"అర్జీ వద్దులెండి." రెబ్కా మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది. "ఏడో తారీకు సభలో మీరు చదువుతారంట గదా?"

"నాలుగు పేరాలు చదవమన్నారు."

"కుర్చీ మాత్రం కింద వేయించుకోబాకండి. మెట్లపైన వేయించుకోండి. పై మెట్టు."

"ఎందుకు?"

"మీకు మోకాళ్లకి తేమ పడదు గదండీ."

ఆ సమయానికి పార్కులో తేమ లేదు. మాస్టారికి అర్థం కాలేదు. అయినా చెప్పిన మనిషికి తాను చేసిన నష్టం గుర్తొచ్చి సరేనన్నారు.

ఏప్రిల్ 6 శుక్రవారం ఉదయం పదిన్నరకు బాపయ్య చార్జి లిస్టు పట్టుకుని, పార్కు పడమటి వైపు మిగిలిన పాత చెరువు కట్ట మీదికి వచ్చాడు. లిస్టు రిజిస్టరు చూసి తయారు చేశాడు. పార ఒకటి, గంప ఒకటి, గొడుగు ఒకటి, తూము తలుపులు రెండు. స్థితి: తెరిచి ఉన్నవి.

బాపయ్య తలుపులు చూశాడు.

"ఏందమ్మా ఇది? రెండూ తెరిచి ఉండాలి గదా. ఈ పెద్దది మూసుంది."

"ఎప్పుడూ మూసే ఉంటదండి."

"రికార్డులో తెరిచి ఉంది."

"తెరిచానని రాస్తామండి. మూసే ఉంచుతాం. మూసినట్టు రాసేదానికి ఫారంలో గడి లేదు."

"అదంతా నాకు చెప్పబాక. రికార్డుకు తేడాగా చార్జి తీసుకుంటే రేపు నా మెడకు చుట్టుకుద్ది. రికార్డు ప్రకారం అప్పగించు. తెరువు."

రెబ్కా కాలువ వైపు చూపించింది.

"రేపు కాలవకు నీళ్లు వదుల్తారండి. కాగితం మీకే వచ్చింది. తెరిస్తే పార్కులోకి వస్తాయి."

కాగితం బాపయ్యకు వచ్చిన మాట నిజమే. 'చెరువు లేనందున చర్య అవసరం లేదు' అని రాసి ఫైల్లో పెట్టాడు.

"పార్కులోకి నీళ్లెందుకొస్తాయమ్మా? నీళ్లు చెరువులోకి వస్తాయి. చెరువు ఉందా?"

"మీరు లేదన్నారు."

"నేనన్లేదు. పుస్తకం అంది. పదహారో పేజీ."

"అట్టాగే. నేను చెప్పినట్టు మాత్రం రాసుకోవాలండి."

లిస్టు చివర రిమార్కుల గడి ఉంది. రెబ్కా అందులో 'ఈ తలుపు తెరిచిన యెడల పార్కులోకి నీళ్లు వచ్చును' అని రాసి సంతకం పెట్టింది. బాపయ్య దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాసి తనూ సంతకం పెట్టాడు. రెబ్కా చక్రం పట్టుకుని పందొమ్మిది చుట్లు తిప్పింది. తలుపు పూర్తిగా లేచింది. చక్రానికి తాళం వేసి, తాళంచెవి, పార, గంప, గొడుగు ఇచ్చి రసీదు తీసుకుంది.

"గొడుగు మీ దగ్గరే ఉంచుకోండి. పనికొస్తది" అంది.

"ఏప్రిల్లో వానేంది?" అన్నాడు బాపయ్య.

ఏప్రిల్ 7 శనివారం నాలుగు గంటలకు సభ. ఒంగోలు నుంచి ఆర్డీవో గారు ముఖ్య అతిథి. పార్కులో అప్పటికి ఛైర్మన్ గారి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఏటా ఫిబ్రవరి నుంచి మే దాకా పార్కులో సగం ఆయన కల్లం. ఆ కాలంలో పిల్లలు పార్కుకు రారు, కళ్లు మండుతాయి. సభ కోసం కాయల్ని పడమటి సగంలోకి నెట్టి, తూర్పు సగంలో షామియానా వేశారు. నాలుగు వందల కుర్చీలు వేశారు. వేదిక రెండడుగుల ఎత్తు. తూము పడమటి వైపు ఉంది.

మైకు సెట్టు బుడాన్‌ది. తహసీల్దారు ఆఫీసు నుంచి పెళ్లిళ్ల దాకా ఊళ్లో ఏ మాటైనా బుడాన్ పెట్టెల్లోంచే రావాలి.

మాస్టారు తన కుర్చీ తనే మోసుకెళ్లి పై మెట్టు మీద వేసుకున్నారు.

"ఏం మాస్టారూ, అలిగారా?" అన్నాడు బుడాన్.

"లేదు బుడాన్. మోకాళ్లు."

నాలుగింటికి పడమటి గాలి లేచింది. కాయల ఘాటు షామియానా కిందికి వచ్చింది. ప్రార్థన గీతం మధ్యలో ఆర్డీవో గారు ఐదుసార్లు తుమ్మారు. ఆరోసారికి పాట ఆపేశారు. ఆదెయ్య ప్రసంగం నాలుగూ నలభైకి మొదలైంది. అప్పటికి కాలువకు నీళ్లు వదిలి ఐదున్నర గంటలైంది. నీళ్లు కొల్లిమర్ల చేరడానికి ఐదు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఆ లెక్క ఊళ్లో ఒక్కరికే తెలుసు. ఆమె సభకు రాలేదు. కట్ట మీద నిలబడి ఉంది.

"పెద్దలారా!" అన్నాడు ఆదెయ్య. "ఒకనాడు ఇక్కడ చెరువుండేది. దోమలు! పాచి! ఈనాడు మీరు కూర్చున్న చోట చుక్క నీరుందా? ఉందా అని అడుగుతున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. పడమటి వైపు చివరి వరసలో కూర్చున్న ఒకాయన చప్పట్లు ఆపి కింద చూసుకున్నాడు. ఆయన చెప్పు ఒకటి ముందు వరసలోకి వెళ్తోంది.

మొదట కాయలు లేచాయి. ఎండిన మిరపకాయ నీటి మీద తేలుతుంది. ఛైర్మన్ గారి కాయలన్నీ ఒకేసారి లేచి, గుంపుగా, నెమ్మదిగా షామియానా వైపు బయల్దేరాయి. కుర్చీల కాళ్ల మధ్యనుంచి ముందుకొచ్చాయి. జనం లేవలేదు. ఆర్డీవో గారు కూర్చుని ఉన్నారు, ఆయనకంటే ముందు ఎలా లేవాలని ఆలోచించారు. పాదాలు పైకెత్తి కూర్చున్నారు.

బుడాన్ చూశాడు. ఆదెయ్య ముందునుంచి మైకు లాక్కున్నాడు.

"సభికులకు విజ్ఞప్తి! ఎవరూ మైకు తీగల్ని తాకవద్దు. నేను కరెంటు తీస్తున్నాను. కాళ్లు పైకెత్తుకున్నవాళ్లు అట్టాగే ఉండండి. ఎత్తుకోనివాళ్లు ఎత్తుకోండి. హలో. సెలవు."

కరెంటు పోయింది. ఆ తర్వాత జనం లేచారు. కొందరు కుర్చీలెక్కారు. కుర్చీలెక్కినవాళ్ల కింద కుర్చీలు మెత్తటి నేలలోకి దిగాయి. నాలుగు మెట్ల వైపు అందరూ ఒకేసారి వెళ్లారు. మెట్లకు ఎదురుగా సుబ్బరావమ్మ గేదెలు దిగుతున్నాయి. ఐదు గేదెలు. అవి పార్కులోకి ఎప్పుడూ రాలేదు. వచ్చి, ఫౌంటెను పక్కన నీళ్లలో కూర్చున్నాయి.

"ఇరవయ్యేడేళ్లయింది తల్లీ" అంది సుబ్బరావమ్మ మెట్ల పైనుంచి. ఆ గేదెలు ఆనాటి గేదె మనవరాళ్లు.

వేదిక మీద ఆర్డీవో గారు, ఆదెయ్య, బాపయ్య మిగిలారు. చుట్టూ మోకాలు లోతు నీళ్లు, నీళ్ల మీద కాయలు.

"అక్కా!" అని అరిచాడు బుడాన్, పెట్టెలు నెత్తిన పెట్టుకుని. "రెబ్కక్కా! తలుపు ముయ్యి!"

"చార్జి ఇచ్చేశా తమ్ముడూ! తాళంచెవి మేనేజరు గారి జేబులో ఉంది!"

బాపయ్య జేబు తడుముకున్నాడు. నీళ్లలోకి దిగి, పంచె ఎగగట్టి, కట్ట ఎక్కి, తాళం తీసి చక్రం పట్టుకున్నాడు. చక్రం తిరగలేదు. రెండో వైపు తిప్పాడు. తిరగలేదు.

"ఎటు తిప్పాలే?"

"రికార్డులో చూడండి సార్" అంది రెబ్కా.

ఆర్డీవో గారు మళ్లీ తుమ్మి, ఆదెయ్య వైపు తిరిగారు.

"ఈ తలుపు ఎవరి బాధ్యత?"

"లస్కరుదండి."

"పిలిపించండి."

"పోస్టు తీసేశామండి."

"ఎందుకు?"

"చెరువు లేదని, సార్."

ఆర్డీవో గారు నీళ్ల వైపు చూశారు. గేదెల వైపు చూశారు. ఒక గేదె చెవి ఆడించింది.

"మరి ఇదేమిటి?"

 పై మెట్టు మీద కూర్చున్న జక్రయ్య మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన చెప్పులు పొడిగా ఉన్నాయి.

"పదహారో పేజీలో పొరపాటు ఉన్నట్టుందండి" అన్నారు. "దీనికి నాలుగొందల మంది సాక్షులున్నారు."

రెబ్కా చక్రం పట్టుకోవడానికి ఒప్పుకోలేదు. చార్జి లేకుండా ప్రభుత్వ తలుపు ముట్టుకుంటే నేరమని ఆమెకు పాతికేళ్లుగా తెలుసు. జయరావు చెప్పాడు. కాగితం కావాలంది. కాగితాలన్నీ తడిశాయి. బుడాన్ చొక్కా జేబులో ఆహ్వాన పత్రిక ఒకటి పొడిగా దొరికింది. దాని వెనక, మైకు పెట్టె మూత మీద పెట్టుకుని, ఆదెయ్య రాశాడు. పెద్ద చెరువు లస్కరుగా రెబ్కాను పూర్వం వలె, చెరువు ఉన్నంత కాలం కొనసాగించడమైనది. సంతకం పెట్టాడు. బుడాన్ దాన్ని నోట కరుచుకుని ఈదుకుంటూ కట్ట మీదికి తీసుకెళ్లాడు. ఈదనక్కర్లేదు, నడుం లోతే.

రెబ్కా చదివింది.

"ఒక్క సంతకమే ఉంది. రెండో సాక్షి ఏరి? మాస్టారు ఒప్పుకోరు."

బుడాన్ మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఆర్డీవో గారు సంతకం పెట్టారు. రెబ్కా చక్రం మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, ముందు వెనక్కి అర చుట్టు లాగి, తర్వాత పందొమ్మిది చుట్లు తిప్పింది. నీళ్లు ఆగాయి. అప్పుడు ఐదూ నలభై. పార్కు నేల మీద లెక్కేస్తే పెద్ద చెరువు పూర్తి మట్టం మూడడుగులు. ఆ రోజు కొలత రెండడుగుల పది అంగుళాలు.

ఆర్డీవో గారు మెట్ల దగ్గర షూ విప్పి నీళ్లు వంపుతుండగా ఆదెయ్య పక్కన నిలబడ్డాడు.

"సార్, ఆర్చి..."

"చెరువుకు ఆర్చి ఏమిటండీ?" అన్నారు ఆర్డీవో గారు.

నీళ్లు ఇంకడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పిల్లలు పార్కుకు వచ్చారు. కొత్తపట్నం నుంచి వచ్చిన చేపల బుట్టామె ఒకతె వలకు పని ఉందా అని అడిగి వెళ్లింది. కాయల్ని ఆదెయ్య మనుషులు బుట్టలతో దేవి కట్ట మీద ఆరబోశారు. సగం తెల్లబడ్డాయి. తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు, గుంటూరు యార్డులో వాటిని అడిగేవాళ్లు తక్కువ.

ఎనిమిదో రోజు రెబ్కా మాస్టారింటికి వచ్చింది. ముంగిట్లో పుస్తకాలు దొంతరలుగా ఉన్నాయి. మాస్టారు తప్పొప్పుల పట్టిక రాస్తున్నారు. జయకుమారి పొయ్యి మీద మైదా జిగురు కలుపుతోంది.

"మాస్టారూ, ఒక సందేహం."

"చెప్పమ్మా."

"కాగితంలో చెరువు ఉన్నంత కాలం అని రాశారు. ఇంకో మూడు రోజుల్లో నీళ్లింకిపోతాయి. అప్పుడు మళ్లీ లేదని రాస్తారా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఉంది అని రాస్తే మూడు రోజుల తర్వాత అబద్ధమవుతుంది. లేదు అని రాస్తే ఇవాళ అబద్ధం. వారం నుంచి ఇదే చూస్తున్నాను."

"మరి?"

ఆయన రాసిన కాగితం ఆమెకు ఇచ్చారు. అందులో ఒకే అంశం ఉంది.

'పేజీ 16, పంక్తి 4: పెద్ద చెరువు 1957లో పూడ్చబడింది, నేడు ఆ చెరువు లేదు అన్నచోట, 1957లో పెద్ద చెరువును పూడ్చే ప్రయత్నం జరిగింది అని చదువుకోవలెను.'

రెబ్కా రెండుసార్లు చదివింది.

"ఇది నిజమేనాండీ?"

"ఇప్పటికి నిజం. ఎప్పటికీ నిజమే అనుకుంటున్నాను."

"సాక్షులు?"

"సుబ్బరావమ్మ వేలిముద్ర వేసింది. గేదెల చేత కూడా వేయిస్తానంది, వద్దన్నాను. రెండో సాక్షి కావాలి."

రెబ్కా కలం తీసుకుని సంతకం పెట్టింది. పేరు కింద 'లస్కరు, పెద్ద చెరువు' అని రాసింది. తర్వాత కింద కూర్చుని, జిగురు గిన్నె ముందుకు లాక్కుని, మొదటి పుస్తకం పదహారో పేజీ తెరిచింది.

"ఐదొందలు అతికించాలాండీ?"

"నాలుగొందల తొంభై తొమ్మిది. ఆర్డీవో గారి కాపీ నీళ్లలో పోయింది."

"పోయిందని సాక్షి ఎవరు?" అంది రెబ్కా.